జెముడుకాకి కాలికి కట్టిన తీగ

ఇలా దగ్గరికొచ్చి కూర్చోండి. ఆ మూల వద్దు, గోడ చెమ్మగా ఉంది, ఇటు చాప మీదికి రండి. గొంతు పెంచి చెప్పే ఓపిక నాకు లేదు, మీరే చెవి ఇటు పెట్టాలి. ఒక జెముడుకాకి పిల్లను నా చేతులతో పెంచిన సంగతి చెబుతాను. ముద్దుకు పెంచలేదు. చేసిన తప్పుకు పెంచాను. కాబట్టి తప్పు ముందు చెబుతాను, పెంపకం తర్వాత.

జెముడుకాకిని మీరు చూసే ఉంటారు. మామూలు కాకంత ఉంటుంది, తోక పొడుగు. ఒళ్లంతా నలుపు, రెక్కలు ఇటుకరాయి రంగు, కళ్లు ఎరుపు. ఎగరడం కంటే పొదల్లో నడవడమే దానికి ఇష్టం. పొద్దున్నే ఖాళీ కుండలోంచి ఎవరో పిలిచినట్టు కూప్, కూప్ అంటుంది. తిరువూరు చుట్టూ మామిడి తోటల కంచెల్లో, పత్తిచేల గట్ల మీద ఎక్కడ చూసినా అదే. దాన్ని ఎవరూ పట్టించుకోరు. నేనూ పట్టించుకునేదాన్ని కాదు, మా ఆయనకు జబ్బు రాకపోతే.

మా ఆయన మా మేనమామ కొడుకు. చిన్నప్పటి నుంచి బావా అనే పిలిచాను, పెళ్లయి ఇన్నేళ్లయినా నోటికి ఇంకో పిలుపు రాలేదు. మామిడికాయ కోతలో ఆయనకు పేరుండేది. సీజను మొదలవకముందే రెడ్డిగూడెం తోటల నుంచి కబురొచ్చేది. గడకు చిక్కం కట్టుకుని కొమ్మ మీద నిలబడ్డాడంటే కాయకు దెబ్బ తగలకుండా, తొడిమ ఊడకుండా దించేవాడు. అట్లాంటి మనిషికి ఒక ఏడు కాళ్లు వాచాయి, మొహం ఉబ్బింది, అన్నం చూస్తే వాంతి వచ్చేది. కామెర్లని ఆకుమందు తిన్నాడు. గ్యాసని మాత్రలు మింగాడు. చివరికి రక్తపరీక్ష చేసి కిడ్నీలు రెండూ పోయాయన్నారు. ఎ.కొండూరు వైపు మా చుట్టాల్లోనే ఈ జబ్బుతో ఉన్నవాళ్లు ఉన్నారు, అందుకని ఆ మాట వినగానే ఏమవుతుందో ఎవరూ మాకు విడమరిచి చెప్పనక్కర్లేకపోయింది.

అప్పటి నుంచి వారానికి రెండు రోజులు, మంగళవారం, శుక్రవారం, రక్తం కడిగే మిషను దగ్గరికి. పోయిరావడంతో పగలంతా దానికే సరి. వచ్చాక ఆయన పిండేసిన గుడ్డలా పడుకుంటాడు. ఒక చేతికి ఆపరేషను చేసి సూదులకు దారి పెట్టారు, ఆ చేత్తో బరువు ఎత్తకూడదు. నీళ్లకు కొలత. రోజు మొత్తానికి ఒక చిన్న సీసా, అంతే. ఎండాకాలంలో ఆయన ఎదుట నీళ్లు తాగడం నాకు చేతకాక పెరట్లోకి పోయి తాగి వచ్చేదాన్ని. మూతి తుడుచుకుని లోపలికి వస్తే, "తాగావా" అనేవాడు.

మిగిలిన రోజులు నేను కూలికి. తెల్లారకముందే లేచి అన్నం వండి, ఉప్పు లేని కూర ఆయనకు, ఉప్పున్న కూర నాకు వండి, షేరాటో ఎక్కి గంపలగూడెం వైపు పత్తిలో కలుపు తీయడానికి. మా అమ్మాయి అత్తగారింట్లో ఉంది, ఇద్దరు చంటిపిల్లలతో దానికే తీరదు. పక్కింట్లో మా వదిన, అంటే బావకు అక్క, ఉంది కానీ ఆమెకు మోకాళ్ల నొప్పులు. ఇది కష్టమని చెప్పుకోవడానికి చెప్పట్లేదు. అప్పుడు నా బుర్ర ఏ స్థితిలో ఉందో మీకు తెలియాలని చెబుతున్నాను. నిద్రపోయి లేచినా అలిసిపోయే ఉండేదాన్ని.

మా కూలి ముఠాలో ఒక పెద్దామె ఉండేది. నేను పిన్నీ అనేదాన్ని. ఒకరోజు సాలు పక్క సాలు కలుపు తీస్తూ అడిగింది.

"డాక్టరేమంటున్నాడే మీ ఆయనకి?"

"ఉన్నన్నాళ్లూ ఇంతేనంట పిన్నీ."

"ఆళ్లకేం తెలుసు. నేనొకటి చెప్తాను, చేస్తావా? చేస్తే ఎవరితోనూ అనకూడదు."

ఆమె చెప్పింది మీలో పెద్దవాళ్లు వినే ఉంటారు. జెముడుకాకి గూట్లో పిల్ల కాలికి ఇనుప తీగ కట్టాలి. తల్లి వచ్చి చూసుకుని, అడవిలోకి పోయి, సంజీవని పుల్ల తెచ్చి తాకిస్తుంది. తీగ ఊడి పడిపోతుంది. అప్పుడు గూడు మొత్తం దించి పారే నీళ్లలో వేయాలి. పుల్లలన్నీ నీటితో పాటు కిందికి పోతాయి. ఒక్కటి మాత్రం నీటికి ఎదురు పోతుంది. అదే సంజీవని. అరగదీసి తాగిస్తే పోయే ప్రాణం నిలబడుతుందని.

"నువ్వు చూశావా పిన్నీ?"

"మా తాత చూశాడంట. చూసినోడికి చెప్పుకునే పనేముంది, దొరికినోడు నోరు మూసుకుని బాగుపడతాడు."

మాది చర్చికి పోయే ఇల్లు. ఇట్లాంటివి నమ్మకూడదని చిన్నప్పటి నుంచి విన్నాను. ఆ ఆదివారం కూడా మోకాళ్ల మీద కూర్చుని ఆయన కోసం ఏడుస్తూ ప్రార్థన చేశాను. సోమవారం మధ్యాహ్నం అన్నాల వేళ అవే మోకాళ్ల మీద ఈతపొదలోకి దూరాను.

గూడు అంతకుముందు వారమే చూసి పెట్టుకున్నాను. మేము పని చేసే చేనుకూ పక్క తోటకూ మధ్య కంచెలో, ఈతచెట్టూ ముళ్లతీగలూ కలిసిపోయిన చోట, ఆకులూ పుల్లలూ చుట్టి పెద్ద ఉండలా కట్టింది. చేయి అందాలంటే దారి కావాలి. కొడవలితో ముళ్లు నరికి మనిషి పట్టేంత సందు చేశాను. లోపల మూడు పిల్లలు. నల్లటి తోలు మీద తెల్లటి బిరుసు వెంట్రుకలు, అక్కడక్కడా ఈకలు, ఎర్రటి నోళ్లు. చూడటానికి బాగుండవు. ముట్టుకోగానే భయంతో వెనక నుంచి నల్లటి నీళ్లు చిమ్మాయి. ఆ కంపు చెప్పలేను. పెద్దదాన్ని పట్టుకుని, ఇల్లు కట్టేచోట ఇనుప చువ్వలకు కట్టే సన్నతీగ ముందే తెచ్చి పెట్టుకున్నాను, దాన్ని కాలికి మూడు చుట్లు చుట్టి, రెండో కొస గూడు వెనక ఈతమట్టకు బిగించాను. కట్టకపోతే పిల్ల జారిపోతుందేమో, తల్లి పుల్ల తేవడానికి అవకాశం ఉండదేమో అని. అంత జాగ్రత్తగా ఆలోచించాను.

మంగళవారం ఆసుపత్రి. బుధ, గురువారాలు వాన, ఆటో రాలేదు. శుక్రవారం మళ్లీ ఆసుపత్రి. ఆ మిషను పక్కన కూర్చుని ఆయన రక్తం గొట్టాల్లో తిరుగుతుంటే చూస్తూ, ఇప్పుడు తల్లిపిట్ట పుల్ల తెచ్చి ఉంటుంది, ఇప్పుడు తాకించి ఉంటుంది అనుకున్నాను. చాలా రోజుల తర్వాత ఆ రోజు కడుపునిండా తిన్నాను.

శనివారం పోయి చూస్తే పొద ముందు ఇటుకరంగు ఈకలు. గుప్పెళ్లకొద్దీ ఈకలు. తల్లిదో తండ్రిదో తెలియదు, ఒక రెక్క మాత్రం మిగిలింది. పిల్లి గానీ ముంగిస గానీ వచ్చింది. నేను కొడవలితో చేసిన సందులోంచే వచ్చింది, అక్కడ బురదలో అడుగులు కనబడ్డాయి. గూట్లో రెండు పిల్లలు లేవు. తీగ కట్టిన పిల్ల గూటి బయటికి జారి, ఒంటికాలితో ముళ్ల మధ్య వేలాడుతోంది. ముళ్ల వల్ల ఆ వచ్చిన జంతువు దీన్ని అందుకోలేకపోయినట్టుంది. కాలు తీగ దగ్గర తెగి చీము పట్టింది. చీమలు పట్టాయి. చచ్చిందనుకుని ముట్టుకుంటే నోరు తెరిచింది.

దాన్ని మళ్లీ గూట్లో పెట్టి, రెండో పెద్దపిట్ట వస్తుందేమోనని ఆ రోజు పనిలోంచి తలెత్తి తలెత్తి చూశాను. ముఠా మేస్త్రీ రెండుసార్లు తిట్టాడు. అది రాలేదు. సాయంత్రం ఈతమట్ట నరికి, పిల్లను తువ్వాల్లో చుట్టి అన్నం తెచ్చుకునే ప్లాస్టిక్ బుట్టలో పెట్టుకున్నాను.

ఇక్కడితో నా తప్పు అయిపోలేదు. గూడు కూడా దించాను. ఆటో ఎక్కే చోట వాగు పారుతోంది. మిగతా ఆడవాళ్లు ఆటో కోసం రోడ్డు మీద నిలబడ్డారు. నేను కాళ్లు కడుక్కుంటానని దిగి, ఆ గూడు పీకి నీళ్లలో వేసి చూశాను. చచ్చిన పిట్ట ఈకలు కళ్లారా చూసి, కుంటి పిల్లను బుట్టలో పెట్టుకుని, అప్పుడు కూడా చూశాను. పుల్లలన్నీ కిందికే పోయాయి. ఒకటి రాయికి తట్టుకుని ఆగితే నా గుండె ఆగింది. తర్వాత అదీ పోయింది.

ఆటోలో కూర్చున్నాక భయం పట్టుకుంది. ఒక సంసారం మొత్తం నా చేతుల మీదుగా పోయింది. ఈ ఒక్కటి కూడా చస్తే దీని ఉసురు తగలకుండా పోతుందా? నాకు తగిలితే తగలనీ, నేను గట్టిదాన్నే. కానీ ఉసురు ఎప్పుడూ ఇంట్లో బలహీనంగా ఉన్నవాడి మీదే పడుతుందని నా భయం. ఎవరి ప్రాణం కోసం చేశానో ఆ ప్రాణానికే ఎసరు పెట్టానని అనిపించింది. ఇది బతకాలి. ఎట్లాగైనా బతకాలి. ఆ ఒక్క మాటే ఇంటి దాకా అనుకుంటూ వచ్చాను.

బావ మంచం మీద కూర్చుని ఉన్నాడు. తువ్వాలు విప్పి చూపించాను.

"కంచెలో దొరికింది బావా. తల్లిని పిల్లి తిన్నట్టుంది."

ఆయన పిల్లను ఒళ్లో పెట్టుకుని కాలు చూశాడు. "ఈ తీగ ఏంటే?"

"ఏమో. కంచెకి చుట్టిన తీగలో ఇరుక్కుందేమో."

"మూడు చుట్లు సమానంగా ఇరుక్కుందా?"

నేను పొయ్యి దగ్గరికి పోయాను. ఆయన పటకారు తెమ్మని, బాగున్న చేత్తో ఒక్కో చుట్టు తెంపి, తనకు రాసుకునే ఆయింట్‌మెంటు దానికి రాశాడు. పనిముట్టు ఆయన చేతిలోకి వచ్చి చాలా కాలమైంది. నేను గిన్నె కడుగుతున్నట్టు వెనక్కి తిరిగి, ఆ తీగ తెగే చప్పుళ్లు లెక్కపెట్టుకున్నాను.

ఇక పెంపకం. ఇదేమీ ధాన్యం గింజలు తినే పిట్ట కాదు. మిడతలు కావాలి, నత్తలు కావాలి, బల్లులైతే ఇంకా ఇష్టం. గంటకోసారి నోరు తెరుస్తుంది. పొద్దున్నే నేను వంట చేసే ముందు కాలువ గట్టున నత్తలు ఏరాలి, చిప్ప పగలగొట్టి ముక్కలు చేయాలి. సాయంత్రం పనిలోంచి వచ్చి నడుము వాల్చకుండా పెరటి గోడ అవతలి ఖాళీ స్థలంలో గడ్డి తొక్కుతూ మిడతలు పట్టాలి. కొంగు నిండా మిడతలతో ఇంటికొస్తుంటే మా వదిన గోడ మీంచి చూసేది.

"ఏమ్మే, ఉన్న రోగి చాలడంలేదా, ఇంకో రోగిని తెచ్చుకున్నావు?"

"ఊరికే ఉండు వదినా."

"నేనెందుకు ఊరుకుంటాను, ఆ కంపు నా వంటింట్లోకి వస్తుంటే. కోడిపిల్లల్ని పెంచితే గుడ్లన్నా పెడతాయి. ఇదేం పెడుతుంది? నల్లనీళ్లు పెడుతుంది."

మంగళ, శుక్రవారాలు పెద్ద చిక్కు. ఇద్దరమూ ఆసుపత్రిలో ఉంటే దానికి తిండి ఎవరు పెడతారు? మొదటి మంగళవారం దాన్ని బుట్టలో పెట్టి పైన తువ్వాలు కప్పి, నత్తల డబ్బా సంచిలో వేసుకుని తీసుకుపోయాను. మంచం కింద పెడితే ఎవరికీ తెలియదనుకున్నాను. ఏదో మిషను పీప్ పీప్ అంది. పిట్ట భయపడింది. సిస్టరు ముక్కు మూసుకుని గది అంతా తిరిగింది.

"ఎవరండీ, ఏంటిది? ఎవరైనా వాంతి చేసుకున్నారా?"

మా పక్క మంచం మీద ఒక రిటైరైన మేష్టారు ఉంటారు. ఆయనకు అంతా కనబడింది.

"కొత్త పేషెంటు వచ్చింది సిస్టర్. ఆ చివరి బెడ్డు ఖాళీగానే ఉందిగా, దాన్ని కూడా పడుకోబెట్టండి."

సిస్టరు తువ్వాలు ఎత్తి చూసి, నా మొహం చూసి, తిట్టబోయి ఆగింది. "బయట వేపచెట్టు కింద కూర్చో అమ్మా. ఆయనకి ఏమన్నా అయితే నేను పిలుస్తాలే." అప్పటి నుంచి ఆ చెట్టు కింద నేనూ, పిట్టా. రోగుల వెంట వచ్చిన మిగతా ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి చుట్టూ కూర్చునేవాళ్లు. అందరివీ నిద్ర చాలని మొహాలే. లోపల ఎవరికి ఎంత నీరు తీశారో మాట్లాడుకుంటూనే గడ్డిలో చేతులు వేసి మిడతలు పట్టేవాళ్లు. ఒకామె, భర్తకు నాలుగేళ్లుగా ఇదే పనట, పట్టిన మిడతను నా చేతికిస్తూ అంది: "ఇదైనా పెడితే పెద్దదవుతుంది. మనవాళ్లకి ఎంత పెట్టినా..." అంతవరకే అని ఆగిపోయింది. మేమంతా మళ్లీ గడ్డిలో చేతులు పెట్టాం.

పిల్లకు ఈకలు నిండాయి. రెక్కల మీద ఇటుకరంగు వచ్చింది. పుండు మానింది కానీ వేళ్లు ముడుచుకునే ఉండిపోయాయి, ఆ కాలితో ఏదీ పట్టుకోలేదు. ఇంట్లో గెంతుకుంటూ తిరిగేది. గోడ మీద బల్లులన్నీ అయిపోయాయి. ఆసుపత్రి లేని పగళ్లలో బావే దాన్ని చూసుకునేవాడు. దానికి మంచినీళ్లు దూదితో చుక్కచుక్కగా పోసేవాడు. తన సీసాలోంచే పోసేవాడు. వద్దు, బిందెలోంచి పోయమంటే, "నేనెన్ని తాగానో లెక్క తెలియాలిగా, దీనికి పోస్తే నా లెక్కలో తగ్గుతాయి" అని ఏదో వంక చెప్పేవాడు.

ఒక రోజు నేను పనిలోంచి వచ్చేసరికి గుమ్మంలో వదిన. చేతిలో కోడిపిల్ల రెక్క.

"పిట్టను పెంచుతున్నారా, పిల్లిని పెంచుతున్నారా? నిన్న గుడ్డులోంచి వచ్చిన పిల్లను నా కళ్లముందే మింగేసింది."

"నీ కోడి మా వాకిట్లోకొస్తే మా పిట్టదా తప్పు?" అన్నాడు బావ మంచం మీంచి.

"అబ్బో, మా పిట్ట. నోట్లో మాట లేదు, పిట్టను మాత్రం వెనకేసుకొస్తున్నాడు." అంటూనే ఆమె కిందికి వంగి పిట్ట కాలు చూసింది. తీగ పడిన చోట ఈక రాలేదు, తెల్లటి గీత ఉంది. వదిన గొంతు తగ్గింది. "ఒరే తమ్ముడూ. ఇది ఎవరో సంజీవని కోసం కట్టిన పిల్లరా. కట్టినోళ్ల ఇంటికి మంచిది కాదు, పెట్టుకున్నోళ్ల ఇంటికి అసలే కాదు. రేపు పొద్దున్నకి ఇది ఇక్కడ ఉండకూడదు."

ఆమె పోయాక నేను పొయ్యి ముందు కూర్చున్నాను. అన్నం ఉడికింది. దించాను. వార్చాను. ఇక దాచే ఓపిక లేకపోయింది. దాచడం కూడా ఒక పనే, దానికీ బలం కావాలి.

"బావా, తీగ కట్టింది నేనే."

"తెలుసు."

"ఎప్పటి నుంచి?"

"పటకారు తెమ్మన్నప్పటి నుంచి. నువ్వు పేను చచ్చినా అయ్యో అంటావు, ఆ రోజు కాలు చూసి అయ్యో అనలేదు." పిట్టను ఒళ్లోకి తీసుకున్నాడు. "మరి దొరికిందా?"

కరివేపాకు దొరికిందా అన్నట్టు అడిగాడు.

"లేదు."

"నీళ్లలో వేసి చూశావా?"

"చూశాను. అన్నీ కిందికే పోయాయి."

ఆయన పిట్ట వీపు మీద వేలితో రాస్తూ ఉన్నాడు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండును.

"నేనైతే మూడింటికీ కట్టేవాణ్ని" అన్నాడు.

ఆ మాటతో నాకు ఏడుపొచ్చింది. జబ్బు వచ్చినప్పటి నుంచి ఆయన "నాకు బతకాలని ఉంది" అని ఒక్కసారి కూడా అనలేదు. వింటే నేను బాధపడతానని అనలేదేమో. ఆ రోజు అట్లా అన్నాడు. దీని ఉసురు నీకు తగులుతుందేమోనని భయంగా ఉందని చెప్పాను. అయితే బతికిద్దాంలే, ఏముంది అన్నాడు.

వదినకు ఒక కోడిపెట్టను కొనిపించి ఇచ్చి నోరు మూయించాడు. తర్వాత పని మొదలుపెట్టాడు. కొమ్మల సంగతి ఆయనకు తెలిసినట్టు ఎవరికి తెలుస్తుంది? సన్నకొమ్మను ముడుచుకున్న వేళ్లు పట్టలేవని, లావుపాటి మామిడికొమ్మ తెప్పించి గోనెగుడ్డ చుట్టి పెరట్లో పాతించాడు. దాని మీద కుంటికాలు ఆనించి మంచికాలితో పట్టుకోవడం పిట్టకు వారంలో వచ్చింది. నోటికి పెట్టడం మానేశాడు. బతికున్న మిడతను ముందు దాని ఎదుట వదిలేవాడు, తర్వాత బారెడు దూరంలో, తర్వాత గోడ దగ్గర. దొరక్కపోతే ఆ పూటకు పస్తు. నేను జాలిపడి పెట్టబోతే చేయి అడ్డం పెట్టేవాడు. ఆసుపత్రి మర్నాడు మాత్రం లేవలేక మంచం మీంచే చూసేవాడు. పది మిడతలు వదిలితే మూడు పట్టేది. కుంటికాలు తడబడి ముక్కు నేలకు కొట్టుకునేది. పగలు వదిలి, సాయంత్రం కాగానే పిల్లుల భయానికి గంప కింద మూసి పైన రాయి పెట్టేదాన్ని.

అట్లా ఉండగా ఒక సోమవారం పొద్దున్నే ఆయనకు ఊపిరి అందలేదు. కూర్చోలేడు, పడుకోలేడు. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందన్నారు. తిరువూరులో చూసి వెంటనే విజయవాడ తీసుకుపొమ్మన్నారు. అంబులెన్సులో ఆయన చేయి పట్టుకుని కూర్చున్నాను. మైలవరం దాటాక గుర్తొచ్చింది. పిట్ట గంప కింద ఉంది. పైన రాయి ఉంది. పొద్దున్నే తీయాల్సిన గంప తీయలేదు.

ఉసురంటే ఇదే అన్నమాట, అనుకున్నాను. రెండు ప్రాణాలూ ఒకేసారి. వదినకు ఫోను చేశాను. రెండుసార్లు తప్పు నంబరు కలిసింది.

"వదినా, గంప కింద పిట్ట ఉంది."

"నా తమ్ముడు ఎట్లా ఉన్నాడో చెప్పకుండా పిట్ట సంగతి చెప్తావేంటే?"

"గాలి పెట్టారు. మాట్లాడట్లేదు. వదినా, ఆ రాయి తియ్యి."

అవతల ఆమె ఏడుస్తోంది. "తీస్తాలే. ముందు వాడి సంగతి చూడు."

మూడు రోజులు అక్కడే. వరండాలో తువ్వాలు పరుచుకుని కూర్చోవడమే, పడుకున్నది లేదు. రెండో రోజు వదిన ఫోను చేసి చెప్పింది. "గంప ఎత్తేశాను. గోడెక్కి అవతల పొదల్లోకి పోయింది. మళ్లీ రాలేదు. పీడ విరగడైంది, ఇక దాన్ని వదిలెయ్యి." ఆ పొదల్లో పిల్లులున్నాయి. పదింటికి మూడు మిడతలు పట్టే కుంటిపిట్ట ఎన్నాళ్లు బతుకుతుంది?

నాలుగో రోజు ఆయన్ను ఇంటికి పంపారు. సగమయ్యాడు. పడుకోబెట్టి, ఇల్లు ఊడ్చి, విడిచిన బట్టలు తీసుకుని పెరట్లోకి వెళ్లాను. గోనె చుట్టిన కొమ్మ ఖాళీగా ఉంది. అంతకుముందు రోజు వానపడి ఖాళీ స్థలంలో గడ్డి బాగా లేచింది. బట్టలు నానబెడుతుంటే గోడ అవతల గడ్డి కదిలింది. ఇటుకరంగు కనబడింది. పక్కకు ఒరుగుతూ, గెంతుతూ, గెంతుతూ. నేను కదల్లేదు. అది ఒక్కసారి గడ్డిలోకి దూకి, ఇంత పొడుగు తొండను మెడ దగ్గర పట్టి బయటికి లాగింది. తొండ కొట్టుకుంది. పిట్ట కుంటికాలిని దాని మీద ఆనించి, ముక్కుతో రాయికేసి రెండు దెబ్బలు కొట్టి, తలవైపు నుంచి మింగడం మొదలుపెట్టింది. చాలాసేపు పట్టింది. తోక చివర నోట్లోకి పోయేదాకా చూశాను. అది నా వంక చూసింది. దగ్గరికి రాలేదు. పొదలోకి పోయింది.

లోపలికి వచ్చాను.

"బావా, అది ఉంది."

ఆయన కళ్లు తెరవలేదు. "తింటోందా?"

"తొండను పట్టుకుని తిన్నది. తానే పట్టుకుంది."

"ఎంత తొండ?"

మూరకు కాస్త తక్కువని చేత్తో చూపించాను. అప్పుడు కళ్లు తెరిచి నా చేయి చూశాడు. "అంత ఉండదు" అన్నాడు. "బట్టలు తర్వాత ఉతుకుదువుగాని, కాస్త నడుం వాల్చు."

సంతోషంతో ఎగిరి గంతేశానని చెబితే అబద్ధం. నాకు గంతేసే సత్తువ లేదు. ఆయన మంచం పక్కన కింద ఒట్టి నేల మీద పడుకున్నాను. బట్టలు నీళ్లలోనే ఉన్నాయి, అన్నం వండలేదు, పొద్దు నడినెత్తిన ఉంది. వదిన వచ్చి తలుపు దగ్గర నిలబడి ఏదో అడిగినట్టు, బావ ఆమెను ష్ అన్నట్టు తెలుస్తోంది. ఆ తర్వాత నాకేమీ తెలియదు. ఎన్ని నెలల తర్వాతో, భయం లేకుండా నిద్రపోయాను.

జబ్బు తగ్గిందా అని అడగకండి. ఈ వారం కూడా మంగళవారం పోయాం, రేపు శుక్రవారం పోతాం. అది తగ్గే జబ్బు కాదు. నేను ఆశపడ్డదీ జరగలేదు, భయపడ్డదీ జరగలేదు. ఆ పిట్ట సంగతి దానిది, మా సంగతి మాది. అంతవరకు తేలింది, నాకు అది చాలు.

చాలాసేపు కూర్చోబెట్టాను మిమ్మల్ని, పోయిరండి. మీ ఇంట్లో చిన్నా పెద్దా అందరూ వేళకింత తిని, కంటినిండా నిద్రపోవాలి. పొద్దున్నే ఒకరి మొహం ఒకరు చూసుకుని లేవాలి. మీ ఇల్లు చల్లగా ఉండాలి.